కాలు తీసివేసే ముందు అడగవలసిన ప్రశ్న

(మైనారిటీల ఆరోగ్య హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకునే వేదికపై నేడు మేము కాలి రక్తనాళాల గురించి మాట్లాడబోతున్నాము. ఇది డాక్టర్ల విషయం కదా, హక్కుల సభలో దీనికేమి పని అని కొందరికి అనిపించవచ్చు. మొదట మేమూ అలాగే అనుకున్నాము. ఆసుపత్రికి వెళ్లే పేద కుటుంబాలకు తోడుగా వెళ్లడం, దరఖాస్తులు నింపిపెట్టడం, మందులకు బైతుల్‌మాల్ నుంచి సహాయం ఇప్పించడం మా పని. ఆ పనిలో ఎదురైన ఒక కుటుంబం మా అభిప్రాయాన్ని మార్చివేసింది.

తోపుడుబండిపై పండ్లు అమ్మే ఒక పెద్దాయన. పదిహేనేళ్లుగా షుగరు వ్యాధి, అంతకంటే పాత అలవాటు బీడీ. కొంతదూరం నడిస్తే పిక్క పట్టేసేది, కాసేపు నిలబడితే తగ్గేది. వయసు మీదపడిందని ఇంట్లోవారు సరిపెట్టుకున్నారు. తరువాత చెప్పు ఒరుసుకుని బొటనవేలిపై పుండు పడింది. మూడు నెలలు వీధి చివరి క్లినిక్‌లో కట్టు కట్టించుకున్నారు. వేలు నల్లబడిన తరువాత పెద్ద ఆసుపత్రికి తీసుకువెళితే, మోకాలి పైభాగం వరకు కాలు తీసివేయాలి, సంతకం చేయండి అన్నారు. కొడుకు సంతకం చేశాడు. తీసిన కాలిని తెల్లగుడ్డలో చుట్టి ఖబరస్తాన్‌లో పాతిపెట్టి వచ్చారు.

ఆ వార్డులోనే పక్క మంచంపై ఉన్న రోగికి బెలూన్ చికిత్స చేసి కాలు నిలిపారని ఆ కొడుకు తరువాత తెలుసుకున్నాడు. మా దగ్గరకు వచ్చి, "అన్నా, మా అబ్బా కాలికి రక్తం వెళ్తోందో లేదో ఎవరైనా చూశారా?" అని అడిగాడు. మేము కాగితాలన్నీ తిరగేశాము. డాప్లర్ పరీక్ష లేదు. యాంజియోగ్రామ్ లేదు. పాదం మీద నాడి చూసినట్లు ఒక్క మాట కూడా లేదు.

పరీక్ష చేసి ఉంటే ఆ కాలు నిలిచేదని మేము చెప్పడం లేదు. నిలుస్తుందో నిలవదో ఎవరూ చూడలేదని మాత్రమే చెబుతున్నాము. నేటి మా ప్రసంగమంతా ఆ కొడుకు అడిగిన ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

ముందుగా ఈ వ్యాధి ఏమిటో చూద్దాం. గుండె ధమనులలో కొవ్వు, సున్నం పేరుకుని గుండెపోటు వస్తుందని మనందరికీ తెలుసు. అదే పూడిక కాలి ధమనులలోనూ ఏర్పడుతుంది. 2015 నాటికి ప్రపంచంలో 23 కోట్ల మందికి పైగా ఈ వ్యాధితో ఉన్నారని అంచనా. పొగాకు, షుగరు, రక్తపోటు, కొలెస్ట్రాల్, వయసు దీనికి ప్రధాన కారణాలు. మన దేశంలో షుగరు వ్యాధిగ్రస్తులు 10 కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించింది. బీడీ, సిగరెట్టు, జర్దా, గుట్కా మన బస్తీలలో ఎంతగా పాతుకుపోయాయో మీకు వేరే చెప్పనవసరం లేదు.

ఈ వ్యాధిలో రెండు దశలను వేరుగా గుర్తించాలి. మొదటి దశలో నడిచినప్పుడు పిక్క లేదా తొడ పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. ఈ దశలో ఉన్నవారిలో కాలు పోగొట్టుకునేవారు చాలా తక్కువ. రెండవ దశలో పడుకున్నప్పుడు కూడా పాదం నొప్పి పెడుతుంది, రాత్రిపూట కాలు మంచం కిందికి వేలాడదీస్తే గాని నిద్రపట్టదు, పుండు మానదు, వేళ్లు నల్లబడతాయి. ఇది కాలికీ ప్రాణానికీ ముప్పు తెచ్చే దశ. ఈ దశలో రక్తప్రసరణను పునరుద్ధరించకుండా వదిలివేసిన రోగులపై జరిగిన అధ్యయనాలన్నింటినీ క్రోడీకరించి 2015లో ఒక నివేదిక ప్రచురించారు. ఒక ఏడాది కాలంలో వారిలో సుమారు 22 శాతం మంది కాలు కోల్పోయారు, దాదాపు అంతే శాతం మంది మరణించారు. షుగరు ఉన్నవారికి మరొక ప్రమాదం ఉంది. నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. కనుక మొదటి దశ కనబడకుండానే నేరుగా పుండుతో రెండవ దశ మొదలుకావచ్చు.

ఇక చికిత్స విషయం. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో 82 ఏళ్ల వృద్ధురాలికి పాదం కుళ్లిపోతుండగా, కాలు తీసివేయడం తప్పదని డాక్టర్లు చెప్పారు. ఆమె అంగీకరించలేదు. అప్పుడు చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు ఆమె తొడ ధమనిలోకి సన్నని గొట్టాలను ఒకదాని తరువాత ఒకటి పంపి, పూడికను విశాలం చేశాడు. పాదం వెచ్చబడింది, పుండు మానింది. ఆమె తరువాత మరణించేవరకు తన కాళ్లపైనే నడిచింది. పెద్ద కోత లేకుండా ధమనిని తెరిచే వైద్యానికి అది నాంది. 1974లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ బెలూన్‌తో కాలి ధమనిని తెరిచాడు. గుండెకు చేసే బెలూన్ చికిత్స 1977లో, దాని తరువాతే వచ్చింది. అంటే నేడు గుండెకు స్టెంట్ వేయించుకునేవారు లబ్ధి పొందుతున్న విద్య మొదట పుట్టింది కాలిని నిలపడానికే. "తీయవద్దు, మరొక మార్గం చూడండి" అని ఒక వృద్ధురాలు పట్టుబట్టినందువల్ల అది పుట్టింది.

నేడు ఈ చికిత్సను ఎలా చేస్తారంటే, గజ్జ దగ్గర చర్మానికి మత్తు ఇచ్చి, సూదితో ధమనిలోకి సన్నని తీగను పంపుతారు. ఎక్స్‌రే తెరపై చూస్తూ తీగను పూడిక దాటించి, దానిపై నుంచి బెలూన్‌ను పంపి ఉబ్బిస్తారు. అవసరమైతే స్టెంట్ అనే లోహపు జాలీ గొట్టాన్ని అమర్చుతారు. సాధారణంగా పూర్తి మత్తు అవసరం ఉండదు. చాలామంది ఒకటి రెండు రోజులలో ఇంటికి వెళతారు. రెండవ మార్గం బైపాస్. రోగి కాలిలోని సిరనే తీసి, పూడికకు పైనా కిందా ధమనికి కుట్టి, రక్తానికి కొత్తదారి వేస్తారు. ఇది పెద్ద శస్త్రచికిత్స.

బెలూన్ చికిత్స ఫలితాల గురించి రెండు రకాల అపోహలు మన మధ్య తిరుగుతున్నాయి. ఇదేదో అద్భుతమని, వేస్తే ఇక నిశ్చింత అని కొందరు అంటారు. డబ్బు దండగ, ఎలాగూ మళ్లీ పూడుతుందని మరికొందరు అంటారు. రెండూ సరికావు. మనవాళ్లకు ఉన్నది ఉన్నట్లు చెప్పడం మన బాధ్యత.

2022లో బెస్ట్-సీఎల్ఐ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. కాలికి ముప్పు ఉన్న 1830 మంది రోగులలో కొందరికి బైపాస్, కొందరికి బెలూన్ లేదా స్టెంట్ చికిత్స చేసి, చీట్లు తీసినట్లు యాదృచ్ఛికంగా విభజించి పోల్చారు. బైపాస్‌కు పనికివచ్చే మంచి సిర కాలిలో ఉన్న 1434 మందిలో, మరణం గాని, చీలమండ పైన కాలు తీసివేయడం గాని, పెద్ద చికిత్స మళ్లీ చేయవలసి రావడం గాని బైపాస్ పొందినవారిలో 42.6 శాతం మందికి, బెలూన్ పొందినవారిలో 57.4 శాతం మందికి సంభవించింది. ఈ తేడా ప్రధానంగా మళ్లీ చేయవలసి వచ్చిన పెద్ద చికిత్సల వల్ల, కొంతవరకు కాలు తీసివేయడాల వల్ల ఏర్పడింది. మంచి సిర లేని 396 మందిలో మాత్రం రెండు చికిత్సల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

2023లో బాసిల్-2 అనే మరొక అధ్యయనం వచ్చింది. బ్రిటన్, స్వీడన్, డెన్మార్క్ దేశాలలో మోకాలి కింది ధమనులు పూడిన 345 మందిని చేర్చుకున్నారు. ఇక్కడ ఫలితం తిరగబడింది. కాలు పెద్ద ఎత్తున కోల్పోవడం లేదా మరణించడం బైపాస్ పొందినవారిలో 63 శాతం మందికి, ముందు బెలూన్ చికిత్స పొందినవారిలో 53 శాతం మందికి జరిగింది. బెలూన్ పొందినవారిలో మరణాలు తగ్గడమే ఇందుకు ముఖ్య కారణం.

రెండు అధ్యయనాలు రెండు దారులు చూపుతుంటే మనం గ్రహించవలసినది ఏమిటి? అందరికీ ఒకే చికిత్స మంచిది కాదు. పూడిక ఎక్కడ ఉంది, మంచి సిర ఉందా, గుండె, మూత్రపిండాలు శస్త్రచికిత్సను తట్టుకోగలవా అనే విషయాలను చూసి, రెండు చికిత్సలూ తెలిసిన వైద్యులు కలిసి నిర్ణయించాలి. ఆసుపత్రిలో ఏది అందుబాటులో ఉంటే అదే మందు అన్నట్లు కాకూడదు. మరొక చేదు నిజాన్ని కూడా గమనించండి. రెండు అధ్యయనాలలోనూ, మంచి చికిత్స అందినా, ఎందరో మరణించారు. కాలి ధమనులు పూడినవారి గుండె, మెదడు ధమనులు కూడా ప్రమాదంలో ఉంటాయి. కాలిని నిలిపి మందులు మానివేస్తే మనిషిని నిలుపుకోలేము.

తక్కువ ఖర్చుతో దొరికే చికిత్సల ఫలితాలు కూడా తెలుసుకోవాలి. నడిస్తే మాత్రమే నొప్పి వచ్చేవారిపై 2012లో వెలువడిన క్లెవర్ అధ్యయనంలో 111 మంది పాల్గొన్నారు. ఆరు నెలలకు, పర్యవేక్షణలో నడక వ్యాయామం చేసినవారు నడవగలిగే సమయం 5.8 నిమిషాలు పెరిగింది. స్టెంట్ వేయించుకున్నవారికి 3.7 నిమిషాలు, మందులు మాత్రమే వాడినవారికి 1.2 నిమిషాలు పెరిగింది. అంటే మొదటి దశలో నొప్పి వచ్చేవరకు నడిచి, ఆగి, మళ్లీ నడవడమే గొప్ప వైద్యం. మసీదుకు నడిచి వెళ్లగలిగినవారు బండి ఎక్కకుండా ఉంటే అదీ మేలే. అయితే పాదానికి పుండు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ వ్యాయామం చేయకూడదు.

మందు పూసిన బెలూన్లు, స్టెంట్ల కోసం అప్పులు చేసే కుటుంబాలను మేము చూస్తున్నాము. తొడ ధమనిలో అవి తిరిగి పూడుకోవడాన్ని తగ్గిస్తాయనేది నిజమే. ఒక అధ్యయనంలో ఏడాది తరువాత మందు పూసిన బెలూన్ వేసినవారిలో 82 శాతం మందికి, సాధారణ బెలూన్ వేసినవారిలో 52 శాతం మందికి ధమని తెరుచుకునే ఉంది. కాని ధమని తెరుచుకుని ఉండడం, కాలు నిలవడం ఒకటి కాదు. కాలికి ముప్పు ఉన్నవారిపై స్వీడన్‌లో జరిగి 2025లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో, మందు పూత వల్ల కాలు తీసివేయడాలు తగ్గలేదు. కనుక ఖరీదైనది లేదని కాలును వదులుకోవద్దు, ఖరీదైనదాని కోసం ఇల్లు తాకట్టు పెట్టే ముందు మరొక డాక్టరును అడగండి.

చికిత్స తరువాత ఇంటి బాధ్యత మొదలవుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు, కొలెస్ట్రాల్ మందు డాక్టరు చెప్పకుండా మానకూడదు. షుగరు, రక్తపోటు అదుపులో ఉండాలి. అన్నిటికంటే ముందు పొగాకు మానాలి. బీడీ, సిగరెట్టు తాగే యువకులకు వచ్చే బర్జర్స్ వ్యాధిలో పొగాకు మానకపోతే ఏ చికిత్సా కాలిని ఎక్కువకాలం కాపాడలేదు.

ఇప్పుడు హక్కుల విషయానికి వద్దాం. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా లెక్కలను పరిశోధకులు జాతుల వారీగా విడదీసి చూశారు. తెల్లవారికంటే నల్లజాతివారు చాలా ఎక్కువగా కాళ్లు కోల్పోతున్నారని తేలింది. కాలు కోల్పోయిన మెడికేర్ రోగులలో సగం మందికి పైగా, అంతకు ముందు ఏడాదిలో రక్తనాళాలకు సంబంధించిన ఏ ప్రక్రియా జరగలేదని 2012లో మరొక అధ్యయనం చెప్పింది. అంటే మన పండ్ల వ్యాపారి కొడుకు అడిగిన ప్రశ్న అక్కడ వేలాది కుటుంబాల ప్రశ్న. మిసిసిపీ రాష్ట్రంలో ఫొలుసో ఫకొరెడే అనే హృద్రోగ నిపుణుడు దీనిపై గళమెత్తాడు. కాంగ్రెస్ సభ్యుడు డోనాల్డ్ పేన్ జూనియర్ 2020లో ఒక బిల్లు ప్రవేశపెట్టాడు. ప్రమాదం ఉన్నవారికి ముందే పరీక్షలు చేయాలని, అత్యవసరం కాని సందర్భాలలో ధమని పరీక్ష చేయకుండా కాలు తీసివేస్తే బీమా సొమ్ము చెల్లించరాదని అందులో కోరాడు.

అక్కడి మైనారిటీ తన నష్టాన్ని ఎలా నిరూపించగలిగింది? లెక్కలు ఉన్నందువల్ల. మన దగ్గర 2006 నాటి సచార్ కమిటీ నివేదిక, 2016 నాటి సుధీర్ కమిషన్ నివేదిక ముస్లింల వెనుకబాటును అంకెలతో చూపినందువల్లే ప్రభుత్వాలు మన మాట వినవలసి వచ్చింది. కాలు కోల్పోతున్నవారి విషయంలోనూ అదే దారి. మన సముదాయానికి ఎక్కువ నష్టం జరుగుతోందని లెక్క లేకుండా మేము ఆరోపించబోము. లెక్క తీయమని అడుగుతున్నాము. ఈ లెక్క దళితులకు, ఆదివాసులకు, పేదలందరికీ పనికివస్తుంది.

అందువల్ల మూడు విషయాలను ప్రభుత్వం ముందు ఉంచుతున్నాము.

ఒకటి, ఆరోగ్యశ్రీ కింద కాలు తీసివేయడానికి ముందస్తు అనుమతి ఇచ్చేటప్పుడు, ప్రాణాపాయ స్థితి మినహా, రక్తప్రసరణ పరీక్ష నివేదిక ఉండి తీరాలి.

రెండు, ఏటా ఎన్ని కాళ్లు తీశారు, ఎన్నింటిని బెలూన్ లేదా బైపాస్ ద్వారా నిలిపారు, జిల్లాల వారీగా, సామాజిక వర్గాల వారీగా వెల్లడించాలి.

మూడు, జిల్లా ఆసుపత్రులలో చీలమండ రక్తపోటు చూసే పరీక్ష అందుబాటులో ఉండాలి. చేతి రక్తపోటుతో చీలమండ రక్తపోటును పోల్చే ఈ పరీక్షలో నిష్పత్తి 0.9 లేదా అంతకంటే తక్కువ ఉంటే పూడిక ఉన్నట్లు. చిన్న డాప్లర్ యంత్రం, రక్తపోటు పట్టీ ఉంటే నర్సు కూడా చేయగలదు. షుగరు రోగులలో ధమనులు గట్టిపడి ఈ అంకె తప్పుగా ఎక్కువ చూపవచ్చు గనుక, వారికి కాలివేలి రక్తపోటు కూడా చూడాలి.

ప్రభుత్వాన్ని అడిగి మనం చేతులు కట్టుకుని కూర్చోకూడదు. రోజుకు ఐదుసార్లు వుజూలో పాదాలు కడుక్కునే సముదాయం మనది. పాదాన్ని ఇన్నిసార్లు చేతితో తాకే అవకాశం మరెవరికి ఉంది? వుజూ చేస్తున్నప్పుడే వేళ్ల సందులు, మడమలు చూసుకుందాం. పగులు, పొక్కు, రంగు మారడం, ఒక పాదం రెండవదానికంటే చల్లగా ఉండడం గమనిద్దాం. కడిగిన తరువాత వేళ్ల సందులు పొడిగా తుడుచుకుందాం. షుగరు ఉన్నవారు వేడినీటిని ముందు మోచేతితో చూసి గాని పాదంపై పోసుకోకూడదు. హజ్‌కు, ఉమ్రాకు వెళ్లే షుగరు రోగులు ఎండకు కాలిన నేలపై ఒట్టికాళ్లతో నడిస్తే స్పర్శ తెలియక పాదాలు కాలిపోతాయని గుర్తుంచుకోవాలి.

మన ఇళ్లలో స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. అమ్మీ పాదం ఎలా ఉందో కొడుకులకు తెలియదు. ఆమె చెప్పదు, వేరే మగవారికి చూపడానికి సంకోచిస్తుంది. కూతుళ్లు, కోడళ్లు వారానికి ఒకసారైనా ఆమె పాదాలు చూడాలి. మహిళా డాక్టరును లేదా నర్సును అడగడంలో తప్పులేదు. కాని ఎవరూ దొరకలేదని చూపించడం మానుకోకూడదు. ప్రాణానికి, అవయవానికి ముప్పు ఉన్నప్పుడు పురుష వైద్యునికి చూపడానికి మన ధర్మం అనుమతిస్తుంది.

మసీదు కమిటీలకు ఒక విన్నపం. ఏడాదికి ఒకసారి జుమా నమాజు తరువాత పాదాల పరీక్ష శిబిరం పెట్టించండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రతో మాట్లాడి ఏ చికిత్సకు పథకం వర్తిస్తుందో కనుక్కునే బాధ్యతను ఇద్దరు యువకులకు అప్పగించండి. హైదరాబాద్‌లోని నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలో రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉందని మన పల్లెలలో చాలామందికి తెలియదు, చెప్పండి.

మరొక మాట. కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, తీవ్రమైన నొప్పి వచ్చి, తిమ్మిరెక్కి కదలకపోతే తెల్లవారేదాకా ఆగవద్దు. గడ్డ అడ్డుపడి ఉండవచ్చు. కాలిని నిలపడానికి అప్పుడు ఉండేది కొద్ది గంటల వ్యవధే, ఆరు గంటలు దాటితే కండరం చనిపోవడం మొదలవుతుంది.

కాలు తీసివేయాలని చెప్పినప్పుడు డాక్టరుతో గొడవ పడమని మేము చెప్పడం లేదు. కుళ్లు శరీరమంతా పాకుతున్నప్పుడు వెంటనే కాలు తీయడమే ప్రాణం కాపాడుతుంది. అప్పుడు ఆలస్యం చేయకూడదు. సమయం ఉన్నప్పుడు మాత్రం కలం పట్టుకునే ముందు గౌరవంగా అడగండి: "డాక్టరు గారూ, ఈ కాలికి రక్తం ఎక్కడివరకు వెళ్తోంది? ఏ పరీక్షలో తెలిసింది? బెలూన్‌తో గాని, బైపాస్‌తో గాని తెరిచే వీలుందా? లేకపోతే ఎందుకు లేదు?" జవాబును కాగితంపై రాసి ఇవ్వమనండి. జవాబు "వీలులేదు" అయినా, చూసి చెప్పిన మాట అవుతుంది.

ఆ పెద్దాయన ఇప్పుడు కర్రలు పట్టుకుని నడుస్తున్నారు. బండి కొడుకు నడుపుతున్నాడు. రెండవ కాలిని మాత్రం పరీక్ష చేయించాము. నిష్పత్తి తక్కువగా ఉంది, మందులు మొదలయ్యాయి, బీడీ మానారు. ప్రతి ఫజర్‌కు వుజూలో ఆ పాదాన్ని మనవడు పట్టుకుని చూస్తాడు.

అల్లాహ్ మన వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థతను, మనకు ప్రశ్నించే ధైర్యాన్ని, సేవచేసే ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.